పొగకి నిప్పంటించి గరిటె గెలిచాం

కూర్చో ముందు. అలా ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి కాదు, బాసింపట్టు వేసుకుని సరిగ్గా కూర్చుని విను. ఫోను అటు పెట్టు. మీ అక్క చేత రాయిద్దామంటే దానికి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, అక్షరం రాదు, చదివిందంతా ఒడియా మీడియం. నువ్వు విశాఖపట్నం హాస్టల్లో తెలుగు నేర్చుకున్నావు కాబట్టి నువ్వే రాయాలి. నేను మన బరంపురం యాసలో చెప్పుకుంటూ పోతాను, నువ్వు పుస్తకాల్లో ఉండేట్టు సరిచేసి రాసుకో. కానీ మనుషులు అన్న మాటలున్నాయే, వాటిని మాత్రం ముట్టుకోకు. ఎవరెలా అన్నారో అలాగే ఉండాలి. వాటిని సరిచేశావంటే నాకు కోపం వస్తుంది.

నేను గరిటె ఎలా గెలిచానో చెప్తాను. ఆ ఏడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. అందరూ నీకు ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటారు, పైగా ఎవరికి వాళ్ళు తామే గెలిచినట్టు చెప్పుకుంటారు. అసలు సంగతి నా దగ్గర ఉంది.

మన బజారులో తెలుగు ఇళ్ళవాళ్ళందరం కార్తీకంలో ఒక ఆదివారం గోపాలపూర్ వెళ్ళి వనభోజనాలు చేసుకుంటాం కదా. సముద్రం పక్కన సరుగుడు తోట. అందులో ఉసిరి చెట్టు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని బరంపురంలోనే ఒక ఉసిరి కొమ్మ కొట్టించి, ఆటోలో అడ్డంగా పెట్టి తీసుకెళ్తాం. దారంతా ఆ ఆకులు మన ముక్కుల్లోకి గుచ్చుకుంటూనే ఉంటాయి. అక్కడ ఇసుకలో గొయ్యి తీసి పాతి, పసుపు కుంకుమ పెట్టి, కింద దీపం వెలిగించి, ఉసిరి నీడలో తిన్నాం అనిపించుకుంటాం. ఆ నీడ ఒక విస్తరికి కూడా చాలదు, అది వేరే మాట.

వనభోజనానికి ప్రాణం దప్పళం. గుమ్మడి, సొర, ముల్లంగి, వంకాయ, చిలగడదుంప, కంద, అన్నీ పెద్ద గుండిగలో పడి చింతపండు పులుసులో ఉడుకుతుంటే ఆ వాసనకి సముద్రపు గాలి కూడా పక్కకి తప్పుకుంటుంది. ఆ గుండిగలో తిప్పడానికి చేయంత పొడుగు ఇత్తడి గరిటె ఒకటి ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే దప్పళం వాళ్ళది. ఉప్పు వాళ్ళే వేస్తారు, కారం వాళ్ళే వేస్తారు, పక్కవాళ్ళు నోరెత్తకూడదు. ఏడాది పొడుగునా ఆ గరిటె వాళ్ళింట్లోనే గోడకి వేలాడుతుంది.

ఆ గరిటె బియ్యం కొట్టు వదిన ఇంట్లో ఉండేది. బియ్యం హోల్‌సేల్ కొట్టు వాళ్ళావిడే. వరసకి నాకేమీ కాదు, కాపురానికి వచ్చిన రోజు నుంచి వదినా అని పిలుస్తున్నాను, అంతే. వాళ్ళ అత్తగారు వండింది, తర్వాత ఈవిడ వండుతోంది. ఇంకెవరైనా వండొచ్చు అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నాకు మాత్రం వచ్చింది. ప్రతి ఏడూ వచ్చింది. నా పుట్టిల్లు పాత్రపూర్. మా అమ్మ దప్పళం తిన్నవాళ్ళు విస్తరి ముందు నుంచి లేవడానికి బద్ధకించేవారు. అదే చెయ్యి నాకు వచ్చిందని నా నమ్మకం. అయినా వనభోజనంలో నాకు ఎప్పుడూ ఇచ్చేది కత్తిపీటే. కంద చెక్కు తీయడం నా పని. చేతులు దురదలు పుట్టి మర్నాటి దాకా గోక్కుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా.

"వదినా, ఈసారి ఉప్పు నాను ఏస్తానా?" అంటే, "పాత్రపూరోల్లకి కారం పోసీడమే వంట. నువ్ కంద సూసుకో అమ్మా, నీ సెయ్యి దానికి బాగా అలవాటు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానే గానీ ఆ మాట మర్చిపోలేదు.

ఆ ఏడు మన వీధి చివరి ఇంటికి కొత్త కోడలు వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్ల. ఛత్రపూర్‌లో ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తుంది. మేం సైన్సు కోడలు అని పిలిచేవాళ్ళం. వనభోజనం ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి బియ్యం కొట్టు వదిన ఇంట్లో చేరాం కదా, ఆ పిల్ల మెల్లగా అంది, "ఎప్పుడూ తంబోలాయేనా ఆంటీ? ఈసారి నిధి వేట ఆడదాం. అన్నీ మంట మీద చిక్కు ప్రశ్నలు పెడతాను. మంట ఎందుకు మండుతుంది, ఎందుకు పోతుంది, ఏం మిగులుతుంది. ఒకటి విప్పితే రెండోదాని చీటీ దొరుకుతుంది. చివర్లో నిధి."

"నిధంటే ఏటమ్మా? ఎండి గిన్నా?" అని అడిగింది అప్పడాల పిన్ని. మన పక్కిల్లే, అప్పడాలు ఒత్తి అమ్ముతుంది చూడు, ఆవిడ.

బియ్యం కొట్టు వదిన నవ్వింది. ఆవిడ చిన్న కూతురు అప్పుడు బీయెస్సీ చదువుతోంది, అదీ ధీమా. "ఎండీ లేదు, బంగారవూ లేదు. నా గరిటి దాసీమ్మా. ఎవులికి దొరికితే వొచ్చే ఏడు దప్పళం ఆల్లదే" అని, నా వైపు తిరిగి, "పాత్రపూరోల్లకి దొరికిందనుకో, అందరూ ఇంటికాడ నించి మంచినీల్ల బిందెలు తెచ్చుకోండి" అంది.

అంతమంది ముందు అన్న మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఇంటికి వచ్చి మీ అక్కని పిలిచాను. అది అప్పుడు పదో తరగతి.

"మంట గురించి నీకేటి తెలుసో అంతా సెప్పు" అన్నాను.

"ఎందుకు నానమ్మా?"

"గరిటి కావాలే నాకు."

అది నవ్వలేదు, పాపం. పుస్తకం తెచ్చి రోజూ సాయంత్రం వంటింట్లో నా పక్కన కూర్చుని ఒడియాలో చదివి, తెలుగులో చెప్పేది. గాలిలో ఆక్సిజన్ అని ఒకటుందనీ, అది లేకపోతే ఏదీ మండదనీ, మండడమంటే ఆ ఆక్సిజన్‌తో కలవడమేననీ. నేను కూర తిప్పుతూ వినేదాన్ని. సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పమనేదాన్ని, అది విసుక్కునేది, నేను చేతిలోని కూర గరిటె చూపించి బెదిరించేదాన్ని.

ఆదివారం వచ్చింది. రెండు జట్లు. అటు బియ్యం కొట్టు వదిన, వాళ్ళ బీయెస్సీ కూతురు, ఇంకో చుట్టాలమ్మాయి. ఇటు నేను, మీ అక్క, అప్పడాల పిన్ని. మిగతావాళ్ళంతా చూడ్డానికి చాపలు వేసుకుని కూర్చున్నారు. గుండిగ పొయ్యి మీద ఉంది, పొయ్యి చూసే ఒడియా ఆయన తన గరిటెతో తిప్పుతున్నాడు. సైన్సు కోడలు ఇద్దరికీ ఒకేసారి మొదటి చీటీ ఇచ్చింది. ఒడియాలో రాసి ఉంది. మీ అక్క చదివి చెప్పింది: "మూడు కలిస్తేనే నేను పుడతాను. ఒకటి నన్ను మోస్తుంది, ఒకటి నన్ను లేపుతుంది, ఒకటి కంటికి కనపడదు. ఆ కనపడనిదాన్ని మోసుకొచ్చేదాని కడుపులో చూడండి."

"కంటికి కనపడనోడు బగమంతుడే కదేటి" అని అప్పడాల పిన్ని ఉసిరి కొమ్మ దగ్గరికి పరిగెత్తి దణ్ణం పెట్టింది.

"దేవుడు కాదు పిన్నీ, గాలి!" అంది మీ అక్క. "మోసేది కట్టె, లేపేది వేడి, కనపడంది గాలి. గాలిని మోసుకొచ్చేది ఏటి?"

అవతల వాళ్ళకీ గాలి అని తట్టింది. ఆ బీయెస్సీ పిల్ల చురుకైనదే. కానీ వాళ్ళు ఏం చేశారో తెలుసా? గాలి ఉండేది టైర్లో అనుకుని, మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో దగ్గరికి పోయి వెనక చక్రం గాలి తీసేశారు! కడుపులో చూడమన్నారు కదా మరి. బుస్సుమని శబ్దం వినబడి, చెట్టు కింద కునుకు తీస్తున్న ఆటో అతను లేచి తల పట్టుకున్నాడు.

"ఏ మావుసీ! మో చకారు పవన కాఢుఛ కాహింకి?" అని అరిచాడు. నా చక్రంలో గాలెందుకు తీస్తున్నావు పిన్నీ అని. బియ్యం కొట్టు వదిన సర్ది చెప్పలేక, పంపు ఎక్కడుందని ఒకళ్ళు, ఎవరు తీయమన్నారని ఒకళ్ళు, అక్కడ పెద్ద గొడవ.

నేను అటు చూసి నవ్వుతూ ఇటు పొయ్యి వైపు చూశాను. మంట తగ్గింది. ఒడియా ఆయన వంగి ఊదుగొట్టం అందుకుంటున్నాడు. మోసుకొచ్చేది అదే కదూ! నోట్లోంచి గాలి తీసుకుని పొయ్యిలోకి మోసేది.

"ఊదకు! ఊదకు బాబూ!" అని అరిచాను. కంగారులో ఒడియా రాలేదు నాకు. ఆయన బుగ్గలు పూరించుకుని నా వైపు గుడ్లప్పగించి చూశాడు. మీ అక్క చెంగున దూకి గొట్టం లాక్కుంది. లోపల చుట్టి పెట్టిన చీటీ. ఒక్క ఊపిరి ఆలస్యమైతే నా గరిటె మంటల్లో కలిసిపోయేది.

రెండో చీటీలో ఇలా ఉంది: "మండినవన్నీ తేలికవుతాయి అంటారు. మండి బరువెక్కేదాన్ని త్రాసులో పెట్టండి." షామియానా లోపల, గాలి తగలకుండా చీరలు కట్టిన మూల, చిన్న ఇత్తడి త్రాసు వేలాడుతోంది. పక్కన పళ్ళెంలో కర్పూరం, కొబ్బరి పీచు, దూది, కాగితం, సన్నటి ఇనప పీచు. అందులో ఒక్కటి ఎంచుకుని తూచి, కాల్చాలి. కాలాక ఆ తట్ట కిందికి దిగితే మూడో చీటీ ఇస్తానంది సైన్సు కోడలు. దిగకపోతే కాసేపు ఆగి మళ్ళీ ఆడాలి.

నేను మీ తాతతో పాటు మన కిరాణా కొట్లో కూర్చున్న మనిషిని. ఎన్ని సరుకులు తూచాను! కాలింది బరువెక్కడం ఎక్కడైనా ఉందా? "కర్పూరం పెట్టు. దేముడి సరుకు, ఏదైనా మాయ సేస్తాది" అన్నాను.

"నానమ్మా, కర్పూరం మాయమైపోద్ది, బూడిద కూడా మిగల్దు. ఇనప పీచు పెడదాం" అంది మీ అక్క.

"ఇనుం ఎక్కడన్నా మండుతాదేటే? దాంతో అంట్లు తోంకుంటాం."

"అది వేరు నానమ్మా, ఇది పాలిష్‌వోల్లు రుద్దే సన్న పీచు. మా సార్ మెగ్నీషియం కాల్చి సూపించినారు. కాలేటప్పుడు గాల్లోంచి ఆక్సిజన్ వొచ్చి దానికి అంటుకుంటాది. పొగై ఎక్కడికీ పోదు. అందుకే బరువు పెరుగుద్ది. ఇనుం కూడా అలగే."

అప్పడాల పిన్ని నా చెవిలో, "సదూకున్న పిల్ల, ఇనీసుకో" అంది. సరే, విన్నాను. పీచుని వదులుగా ఉండ చేసి తట్టలో పెట్టి, అటు రాళ్ళు వేసి సరితూచి, మీ అక్క అగ్గిపుల్ల అంటించింది. కాకరపువ్వొత్తిలా ఎర్రటి నిప్పులు పురుగుల్లా పాకాయి అందులో. మంట లేదు, పొగ లేదు. పాకి పాకి ఆగిపోయాయి. పీచు నల్లగా అయింది. తట్ట నెమ్మదిగా, కనపడని చెయ్యేదో పట్టి లాగినట్టు, కిందికి దిగింది.

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళు త్రాసు పట్టుకున్న నాకు త్రాసే కొత్త పాఠం చెప్పింది. అప్పుడర్థమైంది, మీ అక్క వంటింట్లో చెప్పిన మాటల్లో సగం నేను గాలికొదిలేశానని. ఇక నుంచి అది ఏది చెప్తే అదే అనుకున్నాను.

ఇంతలో వాళ్ళు ఆటో గొడవ తేల్చుకుని, ఊదుగొట్టం సంగతి పసిగట్టి, త్రాసు దగ్గరికి వచ్చేశారు. ఆ బీయెస్సీ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇనప పీచు తీసుకుంది. చెప్పానుగా, చురుకైనదని. వాళ్ళ తట్టా దిగింది, సైన్సు కోడలు ఇద్దరికీ మూడో చీటీ ఇచ్చి ఉసిరి కొమ్మ వైపు చూపించింది, రెండు జట్లూ ఒకేసారి అక్కడికి చేరాయి.

అక్కడే ఆట ఆగిపోయింది.

ఉసిరి కొమ్మ మొదట్లో పీట, పీట మీద ప్రమిద. ఈమధ్య మైనం పోసిన ప్రమిదలు వస్తున్నాయి కదా, అది. వెలుగుతోంది. దాని కింద చీటీ కనబడుతోంది. పక్కన ఖాళీ గాజు గ్లాసు. మూడో చీటీ చదివింది మీ అక్క: "నోటితో ఊదకండి. ఆ మూడింటిలో ఒకటి తెంపి దీపం ఆర్పండి. ఆరాక ప్రమిద ఎత్తండి." గ్లాసు బోర్లిస్తే గాలి అందక ఆరిపోతుందని సైన్సు కోడలి ఆలోచన. చిన్నపిల్లలు కూడా చేస్తారు.

కానీ కార్తీకంలో, ఉసిరి కింద వెలిగించిన దీపాన్ని ఎవరు ఆర్పుతారు? మనం ఆర్పడం అనే మాటే అనం, కొండెక్కింది అంటాం. అది కూడా దానంతటది ఎక్కాలి, మనం ఎక్కించకూడదు. గ్లాసు నా చేతిలో ఉంది, చెయ్యి కదల్లేదు. బియ్యం కొట్టు వదిన చెయ్యీ కదల్లేదు. చాపల మీద వాళ్ళందరూ లేచి వచ్చి మూగారు.

"కార్తీకంలో దీపం ఆర్పీమంటావేటే పిల్లా!" అని ఒకావిడ.

"ఆంటీ, నేను... అది మామూలు క్యాండిల్ అనుకుని..." సైన్సు కోడలి మొహం పాలిపోయింది. అప్పటిదాకా ఎగిరి గంతులేసిన పిల్ల, చున్నీ కొస పట్టుకుని నలుపుతూ నిలబడింది.

బియ్యం కొట్టు వదిన చేతులు దులుపుకుంది. "సరే, అయిపోనాది ఆట. దీపం ముట్టుకునేది లేదు. గరిటి ఎక్కడ దాసినావో తెచ్చీమ్మా, మా ఇంటికి పట్టుకెలిపోతాను. వొచ్చే ఏడు తంబోలాయే ఆడుకుందాం."

అయిపోయింది అనుకున్నాను. గరిటె మళ్ళీ ఆ గోడకే. నా చేతికి కత్తిపీటే. అప్పుడు మీ అక్క నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగి, చెవిలో ఒక మాట చెప్పింది. నాకు మొదట నమ్మకం కుదర్లేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. త్రాసు దగ్గర అనుకున్నాను కదా, ఇది ఏది చెప్తే అదేనని.

"ఆగు వదినా," అన్నాను. "దీపం కొండెక్కినట్టు ఎప్పుడు లెక్క?"

"ఒత్తి మీద ఎలుగు లేపోతే కొండెక్కినట్టే. అదేటి ప్రశ్న?"

"గాలికి ఒకోపాలి దీపం పోయినట్టే పోయి మల్లీ ఎలుగుద్ది. దాన్ని కొండెక్కింది అంటావా?"

"దానంతటది ఎలిగితే అనను."

"మరి సరే. ఈ దీపం పోయినట్టు పోతాది. ఒత్తిని ఎవులూ ముట్టుకోరు. అగ్గిపుల్ల పెట్టరు. మల్లీ వొచ్చి అదే ఒత్తి మీద కూకుంటాది. అప్పుడు ఆర్పినట్టా?"

అందరూ నా మొహం చూశారు. బియ్యం కొట్టు వదిన నవ్వింది. పొట్ట ఊగేలా నవ్వింది. "ముట్టుకోకుండా ఎలగెలుగుద్దే? పాత్రపూరులో మంత్రాలు కూడా నేర్పుతారేటి?"

"ఎలిగితే?"

"ఎలిగితే ఆర్పనట్టే. ఆట సాగుద్ది. ఎలక్కపోతే ఆ పాపం నీది, గరిటి నాది. ఇంకెప్పుడూ గరిటి మాట ఎత్తకు."

"ఎత్తను" అన్నాను. అనేశాను గానీ లోపల రెండు భయాలు. దీపంతో పందెం కాస్తున్నానని ఒక భయం, ఇంకెప్పుడూ గరిటె మాట ఎత్తకూడదన్నది ఇంకో భయం. రెండోదే పెద్దదిగా ఉంది, నిజం చెప్తున్నాను.

ముందు ఇంకో దీపాన్ని ఈ దీపంతోనే వెలిగించుకున్నాను. కొవ్వొత్తి అది. ఎడం చేత్తో పట్టుకున్నాను. గాలి ఉండకూడదంది మీ అక్క, పొగ నిటారుగా లేవాలిట. సముద్రపు గాలి మాట వింటుందా? అందరినీ గుండ్రంగా నిలబెట్టి పమిటలు పట్టుకోమన్నాను. అయినా ఒక పక్క నుంచి దీపం వణుకుతోంది. ఆ పక్క బియ్యం కొట్టు వదిన దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది.

"గాలి నీ వైపు నించే వొస్తంది వదినా. దగ్గరికి జరుగు."

"నాను నీకు తడిక కట్టాలా?"

"నాయం ఉండాలి గదా పందెంలో!" అని అప్పడాల పిన్ని అరిచింది. వెనక నుంచి అందరూ జరగండి జరగండి అన్నారు. ఆవిడ మూతి తిప్పుకుని ముందుకొచ్చి పమిట పరిచింది. నిండైన మనిషి కదా, ఆ ఒక్క మనిషితో గాలి ఆగిపోయింది. దీపం కదలకుండా నిలబడింది.

గ్లాసు బోర్లించాను. మంట ఒకసారి పొడుగైంది, పొట్టిదైంది, నీలంగా అయింది, పోయింది. ఎవరో చిన్నగా అయ్యో అన్నారు. "నానమ్మా, తియ్యి!" అంది మీ అక్క. గ్లాసు ఎత్తాను. ఒత్తి కొస నుంచి తెల్లటి పొగ, దారంలా, నిటారుగా లేచింది. ఆ పొగ ఉట్టి పొగ కాదుట, ఆవిరైన మైనమేట, అది మండుతుందిట. నేను ఎడం చేతిలో కొవ్వొత్తిని ఒత్తికి బెత్తెడు ఎత్తులో, ఆ దారానికి ఆనించాను.

మంట దిగింది. ఎలా చెప్పను నీకు? పైనుంచి ఆ పొగ దారం పట్టుకుని జర్రున జారి వచ్చి ఒత్తి మీద కూర్చుంది. నా చెయ్యి బెత్తెడు దూరంలోనే ఉంది. దీపం ఇందాకటిలాగే వెలుగుతోంది, ఏమీ జరగనట్టు.

వెనక నుంచి ఎవరో హుళహుళి వేశారు. ఒడియా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక తిప్పి వేస్తారే, మనకీ అలవాటైపోయింది కదా. ఒకరు వేయగానే అందరూ వేశారు. అవతల ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న బెస్తల ఆడవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చి, "ఏటయినాదమ్మా? దేవతేటైనా పూనిందేటి?" అని అడిగారు.

"పూనింది గరిటి!" అంది అప్పడాల పిన్ని.

సైన్సు కోడలు ఏడుస్తూ నవ్వుతూ మీ అక్కని గట్టిగా కావలించుకుంది. "మా ప్లస్ టూ పిల్లలు కూడా ఇంత బాగా చెయ్యరే!" అంది. బియ్యం కొట్టు వదిన మాత్రం పమిట ఇంకా అలాగే పరిచి, దీపం వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "ఆర్పలేదు లే. ఒప్పుకున్నాను. ప్రమిదెత్తు" అంది. మాట మీద నిలబడింది, అది చెప్పాలి.

వెలుగుతున్న ప్రమిదని అలాగే భద్రంగా ఎత్తి, కింద చీటీ తీసి, మీ అక్క అందరికీ వినబడేలా చదివింది: "కట్టె అన్న పేరు పోయింది, బూడిద అన్న పేరు ఇంకా రాలేదు. సగం కాలి ఆగిపోయినదాన్ని అడగండి."

రెండు జట్లూ ఒకేసారి విన్నాయి. ఇక చూడు! ఆ బీయెస్సీ పిల్ల పొయ్యి వైపు పరిగెత్తింది, సగం కాలిన కట్టెలన్నీ బయటికి లాగి పడేస్తోంది. ఒడియా ఆయన తల బాదుకుంటున్నాడు, దప్పళం ఉడకడం ఆగిపోతుందని. నేను కూడా పొయ్యి వైపే అడుగేశాను. ఇసుకలో కాలు దిగబడుతోంది, మోకాలు పట్టేసింది. అప్పుడు వెనక నుంచి కేక వినిపించింది.

"ఓలమ్మో! బొగ్గే కదేటే! సగం కాలి ఆగిపోయింది బొగ్గు!"

అప్పడాల పిన్ని. పుట్టిన దగ్గర్నుంచి బొగ్గుల మీద అప్పడాలు కాల్చే మనిషి. చీర ఎగదోపుకుని, చెప్పులొదిలేసి, కాఫీ కుంపటి పక్కనున్న బొగ్గుల బస్తా దగ్గరికి పోతోంది. వెనక బియ్యం కొట్టు వదిన కూడా అర్థమై అటే తిరిగింది. ఇద్దరూ ఇసుకలో పరుగు! చాపల మీద వాళ్ళు నిలబడి అరుస్తున్నారు. పిన్ని బస్తా మీద పడిపోయింది. నిజంగానే పడిపోయింది. భుజాల దాకా చేతులు దూర్చేసి దేవుతోంది. బొగ్గు ధూళి లేచి ఇద్దరూ కనబడకుండా పోయారు.

ఆ ధూళిలోంచి ముందు గరిటె పైకి లేచింది. ఇత్తడిది, ఎండకి ధగధగా మెరిసింది. దాని కింద పిన్ని మొహం, పళ్ళు తప్ప అంతా నలుపే. తిన్నగా వచ్చి గరిటె నా చేతిలో పెట్టింది.

"నాకేటికి ఇస్తావే? నీకు దొరికింది కదా" అన్నాను.

"నాకు అప్పడాలే సాలు. కంద సెక్కి సెక్కి నీ సేతులు పాడైపోనాయి, పట్టు" అంది.

పట్టుకున్నాను. బరువుగా ఉంది. బరువుండాలి కూడా. బియ్యం కొట్టు వదిన దగ్గుకుంటూ వచ్చి, మొహం తుడుచుకుని, నా ముందు నిలబడింది. నేను ఏదో అంటుందని చూస్తున్నాను. "ఉప్పు సూసుకో. మందికి ఒండడం వేరు, ఇంట్లో ఒండడం వేరు" అంది. అని, తన కొంగుతోనే గరిటె మీద బొగ్గు మరక తుడిచింది.

మరుసటి ఏడు దాకా ఆ గరిటె మన హాల్లో గోడకి వేలాడింది. మీ తాత వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాడు, తానే బస్తాలో దేవినట్టు. కార్తీకం వచ్చింది. ఆ రోజు గుండిగ ముందు నేను నిలబడ్డాను. కత్తిపీట ముందు ఎవరు కూర్చున్నారో తెలుసా? బియ్యం కొట్టు వదిన. ఎవరూ కూర్చోమనలేదు, తనే వచ్చి కంద ముందేసుకుంది. నేను ముందే చింతపండు పులుసు తెచ్చి, చేతులకి రాసుకోమని పక్కన పెట్టాను, దురద పుట్టకుండా. ఆవిడ చూసింది. "ఇది నాకెప్పుడూ తట్టలేదే" అంది మెల్లిగా.

కారం కొలిచి వేశాను. ఉప్పు కళ్ళు మూసుకుని వేశాను, మా అమ్మ వేసినట్టు. విస్తళ్ళు వేశారు. మొదటి వరసలో ఆవిడ. నేను గరిటె పట్టుకుని వడ్డిస్తూ ఆవిడ దగ్గరికి వచ్చాను, ఆవిడకీ వేశాను. కలుపుకుంది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మంచినీళ్ళ గ్లాసు వైపు చెయ్యి చాచలేదు, అది నేను గమనించాను. మొత్తం ఖాళీ చేసి విస్తరి ముందుకు జరిపి, "మారు ఎయ్యి. ఇందులో ఏటేసినావో కూడా సెప్పు" అంది. అందరి ముందూ అంది. నేను మారు వేశాను, గరిటె నిండా వేశాను, కానీ ఏం వేశానో చెప్పలేదు. ఈరోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు రాస్తున్నావు కాబట్టి నీకు చెప్తాను, జాగ్రత్తగా రాసుకో. దప్పళం దించబోయే ముందు, మంట మొత్తం తీసేసి, ఉట్టి నిప్పుల మీద ఉండగా, చిన్న గిన్నెలో నువ్వులు వేయించి అందులో—

"అత్తా! ఆ పిల్లని ఒగ్గీసి రా ఇంక! అన్నం ఒడ్డించీసి ఎంతసేపయినాది, అంతా సల్లారిపోతంది!"

మీ అమ్మ పిలుపు! వస్తన్నానే, వస్తన్నాను—